రూల్ ఉంది కానీ చూపించం: ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఎంతవరకు దాచొచ్చు?

2002 జూలై 4న జాన్ గిల్మోర్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఓక్లాండ్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. కౌంటర్‌లో ఐడీ కార్డు అడిగారు. ఏ రూల్ ప్రకారం చూపించాలో ఆ రూల్ నాకు చూపించండి అన్నాడు ఆయన. ఎవరూ చూపించలేకపోయారు. అదే రోజు శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి ఇంకో ఎయిర్‌లైన్ దగ్గర అడిగితే అక్కడా అదే కథ, ఐడీ చూపించాలి లేదా మిమ్మల్ని ఎక్కువగా తనిఖీ చేయాలి అన్నారే తప్ప అది ఎక్కడ రాసుందో ఎవరూ చెప్పలేదు. ఈయన ఏదో గొడవ పెట్టుకోడానికి వెళ్ళిన కుర్రాడు కాదు, సాఫ్ట్‌వేర్ రంగంలో పేరున్న మనిషి, ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఒక సంస్థ పెట్టిన వాళ్ళలో ఒకడు, అందుకే కావాలనే ఆ ప్రశ్న అడిగి కోర్టుకి వెళ్ళాడు. కోర్టులో ప్రభుత్వం మొదట అసలు అలాంటి ఆదేశం ఒకటి ఉందో లేదో కూడా చెప్పం అంది. చివరికి 2006 జనవరిలో అప్పీల్ కోర్టు జడ్జిలు ఆ ఆదేశాన్ని తమ ఛాంబర్లో తాము మాత్రమే చదివి, ఇది బాగానే ఉంది, మీ హక్కులకేం భంగం లేదు అని తీర్పు ఇచ్చారు. కేసు వేసిన మనిషికి మాత్రం ఆ కాగితం చూపించలేదు. సుప్రీం కోర్టు కేసు తీసుకోలేదు.

ఇందులో ఐడీ చూపించడం పెద్ద విషయం కాదు, మనందరం రోజూ ఎక్కడో ఒక చోట చూపిస్తూనే ఉంటాం. అసలు విషయం ఏంటంటే ఒక పౌరుడు పాటించి తీరాల్సిన రూల్‌ని ఆ పౌరుడే చదవకూడదు అని ప్రభుత్వం అనొచ్చా అనేది. చదవలేని రూల్‌ని పాటిస్తున్నామో లేదో మనకెలా తెలుస్తుంది, కౌంటర్‌లో ఉన్న మనిషి ఆ రూల్ దాటి ఎక్కువ చేస్తున్నాడా లేదా అనేది ఎలా తెలుస్తుంది?

దీనికి వెంటనే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. రూల్స్ అన్నీ బయటపెడితే టెర్రరిస్టులు చదువుకుని దారి వెతుక్కుంటారు కదా అని. ఈ వాదన ఉత్తుత్తిది కాదు, దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు కూడా. ఏ ఫ్లైట్‌లో మఫ్టీలో సాయుధ గార్డు కూర్చుంటాడు, స్కానర్ ఎంత చిన్న లోహం దాకా పట్టుకుంటుంది, ఇప్పుడు ఏ ముఠా మీద నిఘా ఉంది లాంటివి బయటపెడితే నష్టమే. ఇవి దాచాలి. కానీ జాగ్రత్తగా చూస్తే ఇవన్నీ ప్రభుత్వం తన పని ఎలా చేస్తుంది అనే దానికి సంబంధించిన రహస్యాలు. ప్యాసింజర్ ఏం చేయాలి, అతన్ని ఏ కారణంతో ఆపొచ్చు, ఆపితే ఎవరికి చెప్పుకోవాలి అనేవి వేరే రకం. మొదటి దానికి ఇచ్చిన మినహాయింపుని రెండో దాని మీదకి కూడా లాగేయడం వల్లే గొడవంతా.

కనిష్క విమానం సంగతే తీసుకోండి. 1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా 182 అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేస్‌ని వాంకూవర్‌లో చెక్ ఇన్ చేసిన మనిషి తను మాత్రం విమానం ఎక్కలేదు, బ్యాగ్ ఒక్కటే టొరంటో దాకా వెళ్ళి అక్కణ్ణించి ఎయిర్ ఇండియా ఫ్లైట్‌లోకి చేరింది. ఆ తర్వాత మనిషి ఎక్కకపోతే అతని బ్యాగ్ కిందికి దించేయాలి అనే పద్ధతి అంతర్జాతీయ ఫ్లైట్లలో గట్టిగా అమలు చేయడం మొదలైంది. ఈ రూల్ అందరికీ తెలుసు. ఒక ప్యాసింజర్ రాలేదు, ఆయన లగేజ్ దించుతున్నాం, అందుకే లేటు అని పైలట్ మైకులో చెప్తే మనం విసుక్కుంటూనే కూర్చుంటాం. టెర్రరిస్టుకి కూడా తెలుసు ఈ రూల్, తెలిసినా అతనికి ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ రూల్ పనిచేసేది దాపరికం వల్ల కాదు. 2001 తర్వాత కాక్‌పిట్ తలుపుల్ని బలంగా చేసి లోపల్నించి లాక్ చేయడం కూడా అంతే, ప్రపంచం మొత్తానికి తెలిసిన విషయం అది. విమానాల్ని నిజంగా కాపాడుతున్న పెద్ద పెద్ద ఏర్పాట్లు చాలా వరకు బహిరంగంగానే ఉన్నాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కనిష్క మీద జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ 2010లో రిపోర్ట్ ఇచ్చింది, అంటే పేలుడు జరిగిన పాతికేళ్ళకి. అందులో తేలింది ఏంటంటే ప్రమాదం ఉందని చెప్పే సమాచారం కెనడా ఏజెన్సీల చేతుల్లో ముందే చాలా ఉంది, కానీ ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి సరిగ్గా చేరలేదు, గూఢచార సంస్థ అయితే అనుమానితుల ఫోన్ టేపుల్ని చాలా వరకు చెరిపేసింది. ఆ 329 మంది కుటుంబాలకి ఈ నిజం మొత్తంగా తెలియడానికి ఒక తరం పట్టింది. దాపరికం ఆ రోజు వాళ్ళని కాపాడలేదు, తర్వాత న్యాయం కూడా దక్కనివ్వలేదు.

ఇక లిస్టుల సంగతి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా నో ఫ్లై లిస్టుని భారీగా పెంచింది. ఈ లిస్టులో ఉన్నవాళ్ళని విమానం ఎక్కనివ్వరు, ఎందుకు ఉన్నారో చెప్పరు, చాలా ఏళ్ళ పాటు ఉన్నారా లేదా అనేది కూడా చెప్పేవాళ్ళు కాదు. సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ అంతటాయన్ని 2004లో ఎయిర్‌పోర్టుల్లో పదేపదే ఆపారు, ఎవరో అనుమానితుడు వాడిన మారుపేరు ఈయన పేరుతో కలిసిందని. ఆయన పెద్ద అధికారులతో నేరుగా మాట్లాడగలడు కాబట్టి కొన్ని వారాల్లో తేలింది, మరి మామూలు మనుషులు ఏం చేస్తారని సెనేట్ కమిటీలో ఆయనే అడిగారు.

మామూలు మనుషులకి ఏం జరుగుతుందో రహీనా ఇబ్రహీం కేసు చూస్తే అర్థమవుతుంది. ఆవిడ మలేషియా నుంచి వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న స్టూడెంట్. 2005 జనవరి 2న పద్నాలుగేళ్ళ కూతురితో శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళింది. అంతకు ముందే ఆపరేషన్ అయ్యింది కాబట్టి వీల్ చైర్‌లో ఉంది. కౌంటర్‌లో పేరు కొట్టగానే నో ఫ్లై అని వచ్చింది. పోలీసులు వచ్చి కూతురి ముందే సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు, కొన్ని గంటలు సెల్‌లో పెట్టి వదిలేశారు. మర్నాడు ఎక్కనిచ్చారు, మలేషియా వెళ్ళింది. ఆ తర్వాత వీసా రద్దైంది. ఇక అమెరికాలో అడుగు పెట్టలేకపోయింది, కేసు వేస్తే తన కేసు విచారణకి కూడా రానివ్వలేదు.

ప్రభుత్వం ఈ కేసుని ఏళ్ళ తరబడి ఆపడానికి చూసింది. కారణం చెప్తే దేశ భద్రతకి నష్టం అంది, పెద్ద పెద్ద అధికారులు అఫిడవిట్లు వేశారు, విచారణలో కోర్టు హాలు నుంచి జనాన్ని పలుమార్లు బయటికి పంపించారు. 2013 డిసెంబర్లో ట్రయల్ అయ్యింది, 2014 జనవరిలో జడ్జి విలియం ఆల్సప్ తీర్పు రాశాడు. అప్పుడు బయటికొచ్చిన కారణం ఇది. 2004 నవంబర్లో ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్ ఆవిడ పేరు మీద ఒక ఫారం నింపాడు. ఆ ఫారంలో లిస్టుల పేర్లు వరసగా ఉంటాయి, వాటిలో ఏ లిస్టుల్లో ఈ పేరు పెట్టక్కర్లేదో ఆ గళ్ళల్లో టిక్ పెట్టాలి. ఆయన రివర్స్‌లో అర్థం చేసుకుని పెట్టాల్సిన చోట వదిలేసి వదిలేయాల్సిన చోట టిక్ పెట్టాడు. నో ఫ్లై గడి ఖాళీగా ఉండిపోయింది, అంటే ఆ లిస్టులో పెట్టమని అర్థం. అంతే జరిగింది. ఆవిడ వల్ల దేశానికి ముప్పు లేదని ప్రభుత్వం కోర్టులో ఒప్పుకుంది కూడా. ఆ ఏజెంట్‌కి తను తప్పు చేశానని తెలిసింది కూడా 2013లో ఈ కేసులో లాయర్లు ప్రశ్నలు అడుగుతుంటేనే.

తొమ్మిదేళ్ళ పాటు దేశ భద్రత అని చెప్పి కాపాడింది ఒక ఫారంలో తప్పుగా పడ్డ టిక్ మార్కుని. ఆవిడ ఎవరికైనా ఒక్కసారి, నా పేరు ఎందుకుంది అని అడిగి జవాబు పొందగలిగి ఉంటే ఇది ఒక్క వారంలో తేలిపోయే పని. తప్పులు ఎక్కడైనా జరుగుతాయి, బ్యాంకులో జరుగుతాయి, రేషన్ కార్డులో జరుగుతాయి, కానీ అక్కడ మన పేరు పక్కన ఏం రాశారో మనం చూడగలం కాబట్టి దిద్దించుకోగలం. చూడలేని చోట తప్పుకి ఆయుష్షు ఎక్కువ. ఈ లిస్టుల మీద అసలైన అభ్యంతరం ఇదే, దీన్ని దేశభక్తికి వ్యతిరేకం అన్నట్టు మాట్లాడటం సరైంది కాదు.

ఆ తర్వాత కొంత మారింది. 2014 జూన్‌లో ఒరెగన్‌లో ఒక ఫెడరల్ జడ్జి, పదమూడు మంది అమెరికన్లు వేసిన కేసులో, ఈ లిస్టు మీద అప్పీల్ చేసుకునే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం అని తేల్చింది. దాంతో ప్రభుత్వం పిటిషన్ వేసిన వాళ్ళకి వాళ్ళ స్టేటస్ చెప్పాల్సి వచ్చింది, ఆ పదమూడు మందిలో ఏడుగురు ఇప్పుడు లిస్టులో లేరని తేలింది. అంటే సగం మందికి పైగా, లేని అడ్డంకికి భయపడి టికెట్ కొనకుండా కూర్చున్న రోజులు కొన్నైనా ఉండుండాలి. 2015 నుంచి అమెరికా పౌరులకి లిస్టులో ఉన్నారో లేదో చెప్తున్నారు, అడిగితే కారణాల సారాంశం కొంత ఇస్తున్నారు. 2024 మార్చిలో సుప్రీం కోర్టు, ఇలాగే లిస్టులో పేరు పడ్డ ఫిక్రే అనే ఆయన కేసులో ఏకగ్రీవంగా ఇంకో మాట చెప్పింది, కేసు వేశాక మధ్యలో పేరు తీసేసి ఇక గొడవేముంది అని తప్పించుకోడానికి లేదని. ఇవన్నీ జరిగాక విమాన భద్రత కుప్పకూలిపోలేదు కదా.

దాపరికం వల్ల ఇంకో నష్టం ఉంది, అది స్వేచ్ఛకి సంబంధించింది కాదు, సెక్యూరిటీకే సంబంధించింది. రాబర్ట్ మెక్లీన్ అని విమానాల్లో మఫ్టీలో ప్రయాణించే ఎయిర్ మార్షల్ ఒకాయన ఉండేవాడు. 2003 జూలైలో హైజాక్ ప్రమాదం ఉందని మార్షల్స్‌కి హెచ్చరిక వచ్చింది. కొన్ని రోజులకే ఇంకో మెసేజ్ వచ్చింది, లాస్ వేగస్ నుంచి రాత్రి బస చేయాల్సిన డ్యూటీలన్నీ క్యాన్సిల్ అని, హోటల్ ఖర్చు తగ్గించుకోడానికి. ఆ మెసేజ్ మామూలు సెల్ ఫోన్‌కి మామూలు ఎస్ఎంఎస్‌గా వచ్చింది, దాని మీద రహస్యం అనే ముద్ర ఏమీ లేదు. ఆయన పై అధికారులకి చెప్పి చూశాడు, పని జరగలేదు, రిపోర్టర్‌కి చెప్పాడు. వార్త వచ్చింది, కాంగ్రెస్ సభ్యులు మండిపడ్డారు, ఆ ఆర్డర్ వెంటనే వెనక్కి పోయింది. అంటే ప్రయాణికులకి మేలే జరిగింది. కానీ 2006లో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, ఆ తర్వాత తీరిగ్గా ఆ ఎస్ఎంఎస్ రహస్య సమాచారం కిందకి వస్తుందని ఆర్డర్ ఇచ్చారు. 2015 జనవరిలో సుప్రీం కోర్టు 7-2 తో ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. తొమ్మిదేళ్ళు పోయాయి ఆయనకీ.

అదే 2015లో ఇంకోటి బయటపడింది. అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ తనిఖీ విభాగం మనుషులే మామూలు ప్యాసింజర్లలా వెళ్ళి ఆయుధాలు, నకిలీ బాంబులు దాటించే పరీక్ష చేశారు. 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఈ రిపోర్ట్ రహస్యం, టీవీ చానల్‌కి లీకై బయటికొచ్చింది. బయటికొచ్చాకే, ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు చేసే సంస్థ టీఎస్ఏ యాక్టింగ్ అధిపతిని ఆ పోస్టులోంచి తప్పించారు, సిబ్బందికి మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు. రహస్యంగా ఉన్నంతకాలం ప్రయాణికులు బూట్లు విప్పుతూ, నీళ్ళ బాటిల్ పారేస్తూ, తాము సేఫ్‌గా ఉన్నామనుకుంటూ క్యూలో నిలబడ్డారు. ఏ మెషిన్ ఏ మూల ఏం వదిలేస్తుందో చెప్పక్కర్లేదు, కానీ వ్యవస్థ మొత్తం పాసైందా ఫెయిలైందా అనేది డబ్బు కడుతున్న జనానికి తెలియాలి.

బాడీ స్కానర్ల కథ మనవాళ్ళకి కొంచెం దగ్గరగా ఉంటుంది. 2009 క్రిస్మస్ రోజు ఒకడు లోదుస్తుల్లో బాంబు పెట్టుకుని డెట్రాయిట్ ఫ్లైట్ ఎక్కాక ఈ స్కానర్లు హడావిడిగా అన్ని చోట్లా పెట్టేశారు. మొదట్లో వచ్చినవి మనిషి ఒంటిని దాదాపు బట్టలు లేనట్టు చూపించేవి. జనం అభిప్రాయం అడగకుండానే పెట్టారు, 2011లో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు అది తప్పు, చట్టం ప్రకారం ముందు నోటీస్ ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాల్సింది అంది. గొడవ అయ్యాక కాంగ్రెస్ గడువు పెట్టింది, సాఫ్ట్‌వేర్ మార్చారు, ఇప్పుడు స్క్రీన్ మీద ఒక బొమ్మ ఆకారం మాత్రమే వస్తుంది, అనుమానం ఉన్న చోట ఒక పెట్టె గుర్తు పడుతుంది. మార్చలేని మెషిన్లని 2013కల్లా తీసేశారు. అంటే ప్రైవసీ కావాలంటే సెక్యూరిటీ వదులుకోవాలి అని చెప్పిన మాట నిజం కాదని తేలింది, రెండూ కుదిరే దారి ముందు నుంచీ ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు. 2010 డిసెంబర్లో మన దేశ రాయబారి మీరా శంకర్‌ని మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ ఎయిర్‌పోర్ట్‌లో పక్కకి తీసుకెళ్ళి ఒంటి మీద చేతులేసి తనిఖీ చేశారు, చీర కట్టుకుని ఉండటమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి, మన ప్రభుత్వం నిరసన తెలిపింది. కూతురి కాన్పుకని అమెరికా వెళ్ళే మన అమ్మలు ఎంతమంది చీరతోనే వెళ్తారో, ఇంగ్లీష్ సరిగ్గా రాక, ఎందుకు పక్కకి రమ్మంటున్నారో అర్థం కాక ఎంత కంగారు పడతారో ఆలోచించండి. మీకు ఆడ ఆఫీసర్‌తోనే తనిఖీ చేయించుకునే హక్కు ఉంది, ప్రైవేట్ గది అడగొచ్చు అనే రూల్స్ బహిరంగంగా ఉన్నాయి కాబట్టే పిల్లలు ముందే ఫోన్‌లో చెప్పి పంపగలుగుతున్నారు.

మన దగ్గరికి వద్దాం. 1999 డిసెంబర్లో ఐసీ 814 కాందహార్ హైజాక్ తర్వాత ఎయిర్‌పోర్టుల భద్రత రాష్ట్ర పోలీసుల నుంచి వరసగా కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది, నియమాలు పెట్టేది విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్. పని బాగానే చేస్తున్నారు, అందులో సందేహం లేదు. కానీ 2021 అక్టోబర్లో నటి, నాట్య కళాకారిణి సుధా చంద్రన్ ఒక వీడియో పెట్టారు. ఆవిడకి కృత్రిమ కాలు ఉంది, ప్రతిసారీ సెక్యూరిటీ దగ్గర అది విప్పమంటున్నారని, ఎంత బాధగా ఉంటుందో చెప్పుకున్నారు. సీఐఎస్ఎఫ్ మర్నాడే క్షమాపణ చెప్పింది, మంచిదే. అయితే ఆ క్షమాపణలోనే, ప్రోటోకాల్ ప్రకారం కృత్రిమ అవయవాలు తీయించడం అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే చేయాలి అని ఉంది. అంటే రూల్ ముందు నుంచీ ఆవిడ పక్షానే ఉంది! ఆ రూల్ సెక్యూరిటీ గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉండుంటే, ఆవిడే చూపించి ఇదిగో అని అనుండేది, ఆవిడంత పేరు లేని వాళ్ళు కూడా అనుండేవాళ్ళు. ఇక సమాచార హక్కు చట్టం కింద అడుగుదామంటే సెక్షన్ 24, రెండో షెడ్యూల్ ప్రకారం సీఐఎస్ఎఫ్‌కి మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే తప్ప.

డిజీయాత్ర ఇంకో రకం. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై 2023లో హైదరాబాద్, విజయవాడకి, 2024లో విశాఖకి వచ్చింది. ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, క్యూ తగ్గుతుంది, శంషాబాద్‌లో తెల్లారుజామున రష్ చూసిన వాళ్ళకి దీని సౌకర్యం వేరే చెప్పక్కర్లేదు. డేటా ఫోన్‌లోనే ఉంటుంది, ఎయిర్‌పోర్ట్‌కి పంపింది ఫ్లైట్ వెళ్ళిన 24 గంటల్లో తుడిచేస్తాం అంటున్నారు. ఇది పూర్తిగా ఇష్టప్రకారమే అంటున్నారు. కానీ గేటు దగ్గర సిబ్బంది ముఖం ఫొటో తీసి ఏం చేస్తున్నారో చెప్పకుండా ఎన్‌రోల్ చేసేస్తున్నారని మొదటి ఏడాది నుంచే కంప్లైంట్లు వచ్చాయి. 2024లో ఉన్నట్టుండి పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నారు, జనానికి సరైన వివరణ లేదు. అదే ఏడాది చివర్లో ఈ డేటా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి ఇస్తున్నారని ప్రచారం జరిగితే ప్రభుత్వం కాదని ఖండించింది. ఆ ఖండన నిజమే కావచ్చు. కానీ నిజమో కాదో మనం ఎలా చూసుకోవాలి? డిజీయాత్ర ఫౌండేషన్ ఒక లాభాపేక్ష లేని కంపెనీ, అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, మిగతాది హైదరాబాద్‌తో సహా ఐదు ఎయిర్‌పోర్ట్ కంపెనీలది, కాబట్టి ఆర్టీఐ మాకు వర్తించదు అనేది వాళ్ళ మాట. పాలసీ ప్రభుత్వానిది, గేటు ప్రభుత్వ భద్రతలో ఉన్నది, వెరిఫికేషన్ ఆధార్ ఆధారంగా, ప్రశ్న అడిగితే మాత్రం ప్రైవేట్. పాలసీలోనే భద్రతా అవసరాన్ని బట్టి డేటా తుడిచే గడువు మార్చుకునే వీలు పెట్టుకున్నారు, ఆ అవసరం ఎప్పుడు పడింది, ఎన్నిసార్లు పడింది అనే లెక్క ఏడాదికి ఒక్కసారి బయటపెట్టినా ఏ టెర్రరిస్టుకీ లాభం ఉండదు. 2017లో సుప్రీం కోర్టు పుట్టస్వామి తీర్పులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జిలు చెప్పాక, చట్టం ఉండాలి, సరైన లక్ష్యం ఉండాలి, అవసరమైనంత వరకే ఉండాలి అనే కొలత మనకి ఉంది. డిజీయాత్ర వెనక పార్లమెంట్ చేసిన ప్రత్యేక చట్టం లేదు. ఇప్పుడు పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది, ఫౌండేషన్‌ని ఆర్టీఐ కిందకి తెచ్చే పని ఆయన తలుచుకుంటే మొదలవుతుంది.

కంపెనీల విషయంలో కూడా ఇదే సమస్య. 2025 మేలో ఎయిర్‌పోర్టుల్లో లగేజ్, సరుకు లాంటి గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనులు చూసే, టర్కీకి చెందిన సెలెబీ అనే సంస్థకి బీసీఏఎస్ సెక్యూరిటీ క్లియరెన్స్ రద్దు చేసింది, జాతీయ భద్రత అని తప్ప కారణం చెప్పలేదు, ఢిల్లీ హైకోర్టు జూలైలో సీల్డ్ కవర్లో కాగితాలు చూసి ప్రభుత్వాన్ని సమర్థించింది. పహల్గామ్ దాడి, ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజులు అవి, టర్కీ పాకిస్తాన్ వైపు మాట్లాడింది, జనంలో కోపం ఉంది, రద్దు చేయడం సరైన నిర్ణయమే అయ్యుండొచ్చు. కానీ 2023 ఏప్రిల్‌లో, ఇలాగే సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వని మలయాళం చానల్ మీడియా వన్ కేసులో సుప్రీం కోర్టే చెప్పింది, జాతీయ భద్రత అనే మాట గాల్లోంచి తీసి వాడకూడదు, సీల్డ్ కవర్ వల్ల అవతలి మనిషి ఏ ఆరోపణకి జవాబు చెప్పాలో తెలియకుండా పోతుంది అని. ఆ రోజు చానల్‌కి వర్తించిన సూత్రం ఇంకో రోజు ఇంకొకళ్ళకి ఎందుకు వర్తించదో కారణం బలంగా ఉండాలి.

అలాగని మన దగ్గర అంతా చీకటే అనడం కూడా తప్పు. 2017లో విమానాల్లో గొడవ చేసేవాళ్ళ కోసం నో ఫ్లై లిస్టు రూల్స్ వచ్చాయి. ఆ ఏడాది మార్చిలో శివసేన ఎంపీ ఒకాయన ఎయిర్ ఇండియా ఉద్యోగిని కొట్టాడు, జూన్‌లో విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో మన అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని రచ్చ చేశారు, అప్పుడు విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, ఈయనా జేసీ ఒకే పార్టీ. రూల్స్ మాత్రం పద్ధతిగా వచ్చాయి. నోటితో దురుసుగా ఉంటే మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్ళు, ఆపైన. రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడిగా కమిటీ, 30 రోజుల్లో నిర్ణయం, ఆపైన అప్పీల్. 2020లో కునాల్ కామ్రా అనే కమెడియన్‌ని ఒక ఎయిర్‌లైన్ బ్యాన్ చేస్తే ఇంకొన్ని కూడా కమిటీ లేకుండానే బ్యాన్ చేసినప్పుడు, ఇది రూల్‌కి విరుద్ధం అని ఎవరైనా వేలెత్తి చూపగలిగారంటే రూల్ అందరి ముందూ ఉంది కాబట్టే. అదే రూల్స్‌లో హోం శాఖ ఇచ్చే భద్రతా ముప్పు పేర్ల జాబితా ఇంకోటి ఉంటుందన్నారు, అది వెబ్‌సైట్‌లో పెట్టరు. దాని మీద కమిటీ సంగతి కానీ అప్పీల్ సంగతి కానీ మనకి కనపడదు.

తెలుగు వాళ్ళకి ఎక్కువగా తగిలేది మాత్రం ఈ లిస్టు కాదు, లుకౌట్ సర్క్యులర్ (ఎల్ఓసీ), అంటే ఫలానా మనిషిని దేశం దాటకుండా ఆపమని ఇమిగ్రేషన్ వాళ్ళకి పంపే నోటీసు. ఎల్ఓసీ అంటే చాలామందికి ఎయిర్‌పోర్ట్ ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనే మొదటిసారి తెలుస్తుంది. అమెరికా నుంచి తండ్రి కర్మకి వచ్చి, తిరిగి వెళ్తుంటే ఆపేస్తారు, సామాను లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, ఉద్యోగానికి ఎప్పుడు చేరాలో తెలియదు, మీ మీద ఫలానా పోలీస్ స్టేషన్ నుంచి ఎల్ఓసీ ఉంది అని నోటిమాటగా చెప్తారు. భార్యని వేధించారనే కేసుల్లో, అంటే పాత 498ఏ కేసుల్లో, ఇలాంటివి చాలా జరుగుతుంటాయి. భార్యని ఇక్కడ వదిలేసి విదేశాల్లో దాక్కునే మొగుళ్ళు నిజంగా ఉన్నారు, ఆ ఆడపిల్లలకి ఎల్ఓసీ తప్ప వేరే పట్టు ఉండదు, కాబట్టి ఎల్ఓసీ అనేదే వద్దు అనడం అన్యాయం. కానీ ఈ మొత్తం వ్యవస్థ నడిచేది హోం శాఖ ఆఫీస్ మెమొరాండాల మీద, అంటే శాఖ ఇచ్చుకున్న ఉత్తర్వుల మీద, పార్లమెంట్ చేసిన వివరమైన చట్టం మీద కాదు. 2010 మార్గదర్శకాల్లో ఎల్ఓసీకి ఏడాది గడువు ఉండేది, 2021లో దాన్ని మార్చి, పెట్టినవాళ్ళు తీయమనే దాకా ఉంటుంది అన్నారు. అంటే కేసు రాజీ అయిపోయినా, కొట్టేసినా, స్టేషన్‌లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని లెటర్ రాయకపోతే పేరు అలాగే ఉంటుంది.

దీని ముప్పు ఎంతవరకు వెళ్ళిందో చూడండి. 2015 జనవరిలో ప్రియా పిళ్ళై అనే పర్యావరణ కార్యకర్తని, లండన్‌లో ఎంపీలతో బొగ్గు గని గురించి మాట్లాడబోతోందని ఢిల్లీలో విమానం ఎక్కనివ్వలేదు. మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఎల్ఓసీని కొట్టేసింది. 2018లో ప్రభుత్వ బ్యాంకుల అధిపతులకి కూడా ఎల్ఓసీ అడిగే అధికారం ఇచ్చారు, అప్పు కట్టని వాళ్ళకి హామీ సంతకం పెట్టిన వాళ్ళు కూడా ఇందులో ఇరుక్కున్నారు, 2024 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఆ అధికారం చెల్లదంది. ఇవన్నీ కొత్త సూత్రాలు కావు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్ట్ తీసుకుని, ఎందుకు అని అడిగితే ప్రజా ప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పం అని ప్రభుత్వం రాసింది. 1978 జనవరి 25న సుప్రీం కోర్టు ఏడుగురు జడ్జిల బెంచ్, విదేశాలకి వెళ్ళే స్వేచ్ఛ రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21లో భాగం, దాన్ని తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలి, మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని చెప్పింది. ముందే చెప్తే పారిపోతాడు అనుకుంటే ఆపిన తర్వాతైనా వెంటనే వినాలి అని కూడా ఆ తీర్పులోనే ఉంది. భద్రతా, స్వేచ్ఛా రెండూ నిలబడే మార్గం దాదాపు యాభై ఏళ్ళ కిందటే కోర్టు రాసిపెట్టింది.

ఆ తీర్పుని కౌంటర్ దాకా తీసుకురావడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆపిన మనిషి చేతిలో అక్కడికక్కడే ఒక కాగితం పెట్టాలి, తెలుగులో కూడా ఉండాలి అది. ఏ ఏజెన్సీ అడిగింది, ఏ కేసు నంబర్, ఏ తేదీన పెట్టారు, ఎవరికి, ఎన్ని రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి అనే వివరాలు. నిజంగా రహస్యంగా ఉంచాల్సిన కేసైతే కారణం దాచి, మిగతావి ఇవ్వొచ్చు, దాచిన కారణాన్ని ఒక జడ్జి కొన్ని రోజుల్లో చూడాలి. ఏడాది గడువు మళ్ళీ తేవాలి, పొడిగించాలంటే ఎందుకో రాసి పొడిగించాలి. దేశంలో ఎన్ని ఎల్ఓసీలు నడుస్తున్నాయి, కోర్టులు ఎన్ని కొట్టేశాయి అనే సంఖ్యలు ఏటా పార్లమెంట్ ముందు పెట్టాలి. ఇవేవీ లేకపోబట్టే ఇప్పుడు ప్రతి ఒక్కళ్ళూ విడివిడిగా లాయర్‌ని పెట్టుకుని, సెలవు పొడిగించుకుని, హైకోర్టులో రిట్ వేసుకుని, మేనకా గాంధీ కేసులో ఎప్పుడో తేలిపోయిన మాటనే మళ్ళీ మొదటి నుంచి గెలుచుకోవాల్సి వస్తోంది.